తెర లేని కంప్యూటర్ ముందు మా సారు

మా ఎదురింటి సారు పోయారు. పోయిన సోమవారం పొద్దున్న నేను వాకిలి ఊడుస్తుంటే వాళ్ళ అక్కగారు గేటు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆవిడని నేను పెద్దమ్మ అంటాను. "అమ్మీ, తమ్ముడు లెగటం లేదే. ఒకసారొచ్చి సూడు" అంది. గొంతులో కంగారేమీ లేదు. చీపురు అక్కడే వదిలేసి వెళ్ళాను. సారు ఎప్పటిలాగే పక్కకు తిరిగి పడుకుని ఉన్నారు, ఒక చెయ్యి దిండు కింద పెట్టుకుని. డాక్టరు వచ్చి, నిద్రలోనే గుండె ఆగిపోయిందని చెప్పాడు.

సారు పక్క ఊరి జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పుట్టుకతోనే చూపు లేదు. గరివిడిలో మా వీధికి అక్కతో కలిసి వచ్చి పదకొండేళ్ళయింది. నేను ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. పదో తరగతి పాసై, ఇంటర్ తప్పినదాన్ని. అలాంటి నేను ఇవాళ ఆయన గురించి రాయడానికి కూర్చున్నానంటే అదీ ఆయన చలవే. అది మీకు తెలియాలంటే నాలుగేళ్ళ కిందటి ఒక మధ్యాహ్నం సంగతి చెప్పాలి.

అంతకుముందు ఆయన చెవుల గురించి చెప్పాలి. ఒకరోజు వీధిలో నన్ను ఆపి, "అమ్మా, నీ మిషను నూనె అడుగుతన్నాది. రెండ్రోజుల్నుండి ఇంటన్నాను" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఇంటికెళ్ళి బాబిన్ తీసి చూస్తే కింద ఎండిపోయి ఉంది. పదేళ్ళుగా ఆ మిషను తొక్కుతున్న నాకు తెలియనిది, వీధి అవతల కూర్చున్న మనిషికి తెలిసింది.

మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు బల్ల మీద కంప్యూటరు పెట్టె, కీబోర్డు, రెండు స్పీకర్లు కనిపించాయి. తెర లేదు. పాడైపోయి రిపేరుకి ఇచ్చారేమో అనుకుని అడిగాను. "తెరెందుకమ్మా, నానేటి సూస్తానా" అన్నారు. ఆయన మీట నొక్కుతుంటే ఆ స్పీకర్లోంచి ఒక గొంతు పలికేది. అది ఎంత వేగమంటే నాకు తూనీగ రెక్కల చప్పుడులా వినిపించేది తప్ప ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆయన మాత్రం కాఫీ తాగుతూ అదంతా విని, మధ్యలో తలాడించి, దిద్దాల్సిన చోట దిద్దేవారు.

ఆ కంప్యూటర్లో ఆయన పుస్తకాలు దాచేవారు. కాగితాల పుస్తకాలు కాదు, గొంతులతో చదివించినవి. చూపులేని పిల్లలు టీచరు పోస్టుల పరీక్షకి చదవాలంటే వాళ్ళకి పుస్తకం వినిపించాలి కదా. అందుకని సారు ఊళ్ళో కనిపించినవాళ్ళనల్లా అడిగి కూర్చోబెట్టేవారు. మందుల షాపాయన రెండు పుస్తకాలు చదివారు. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన భూగోళం మొత్తం చదివారు. ఆ రికార్డింగుల్లో పాఠం మధ్యలో పెద్దమ్మ కుక్కరు కూత వినిపిస్తుంది, వీధిలో ఉల్లిపాయల బండివాడి కేక వినిపిస్తుంది. రాజాం, పాలకొండ, టెక్కలి వైపు నుంచి పిల్లలు ఫోన్లు చేసి అడిగి తెప్పించుకునేవారు.

నన్నూ చదవమన్నారు. నేను చదవనన్నాను. నా చదువు ఎంతని, నా మాట ఎంతని. "నా యాసేటి, నానేటి సార్. పిల్లలు నవ్వుతారు" అన్నాను. ఆయన బలవంతం చెయ్యలేదు. "సర్లే, నీకెప్పుడు సదవాలనిపిస్తే అప్పుడు" అన్నారు. ఆ మాట ప్రతి ఏడాదీ ఒకసారి అనేవారు.

నాలుగేళ్ళ కిందట వేసవిలో పరీక్ష దగ్గరపడింది. సారు ఒకరోజు నన్ను పిలిచి, కంప్యూటరు పెట్టె దగ్గర చెవి పెట్టి వినమన్నారు. నాకు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. "లోపల డిస్కు పళ్ళు కొరుకుతన్నాది. ఎక్కువ రోజులు ఉండదు" అన్నారు. ఆ వారంలోనే కొత్త డిస్కు తెప్పించుకున్నారు. పాత డిస్కులో ఉన్నదంతా, అంటే కంప్యూటర్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమూ, పుస్తకాలూ అన్నీ, ఆ మాట్లాడే గొంతు చెప్పింది వింటూ తనే కొత్తదానిలోకి మార్చుకున్నారు. పొద్దున్న మొదలుపెడితే సాయంత్రానికి అయింది. మర్నాడు పెట్టె విప్పి, మరలు ఒక స్టీలు గ్లాసులో వేసుకుంటూ పాత డిస్కు తీసేసి, కొత్తది బిగించి స్విచ్చి వేశారు.

గొంతు రాలేదు.

పాతది మళ్ళీ పెట్టి చూశారు. అది నాలుగుసార్లు టక్ టక్ మని కొట్టుకుని ఆగిపోయింది. ఇక తిరగలేదు. ఇదంతా నాకు పెద్దమ్మ చెప్పింది. మధ్యాహ్నం అన్నం వేళకి వచ్చి, "ఆ పెట్టి మూగదైపోనాదే అమ్మా. ఈడు అన్నం తినటం లేదు. నిన్ను పిలవమన్నాడు" అంది.

వెళ్తే సారు బల్ల ముందు నిటారుగా కూర్చుని ఉన్నారు. "అమ్మా, నీ కళ్ళు ఓ గంట గావాల" అన్నారు. ఆపరేటింగ్ సిస్టమ్ లేస్తేనే ఆ గొంతు లేస్తుంది. అది లేవకముందు వచ్చే తెరలు ఏవీ మాట్లాడవు. ఫోను కెమెరాతో చదివించే ఏర్పాటు ఆయన దగ్గర ఉండేది గాని, నల్లటి తెర మీద సన్నటి తెల్లక్షరాలకి అది తడబడుతుందట. పెద్దమ్మకి చదువు రాదు. అసలు ఇంట్లో తెరే లేదు. మా టీవీని దుప్పటిలో చుట్టి నేనూ మా ఆయనా వీధి దాటించి తెచ్చాం. దాన్ని కంప్యూటర్కి తగిలించి, మా ఆయన ఆటో తీసుకుని వెళ్ళిపోయాడు.

సారు ముందు విషయం చెప్పారు. "తప్పు నాదే. పెద్ద భాగం తెచ్చుకున్నాను. ఎక్కడ మొదలెట్టాలో కంప్యూటరుకి సెప్పే సిన్న భాగం ఒకటుంటాది, అది పాత డిస్కులోనే ఉండిపోనాది. ఇప్పుడు కొత్తదాన్లో కాసింత జాగా సేసి, ఆ సిన్న భాగం మళ్ళీ కట్టాల. కట్టినాక దాన్ని తుడవాల. పొరపాట్న పెద్దదాన్ని తుడిసేసినామంటే పుస్తకాలన్నీ పోతాయి. పిల్లల కాడ తలో ముక్కా ఉన్నాది గాని, మొత్తం ఇంకెక్కడా లేదు."

"సార్, ఎవరినైనా పిలుద్దాం. షాపులో కుర్రాళ్ళుంటారు" అన్నాను. "ఆళ్ళు మొత్తం తుడిసేసి కొత్తగా ఏస్తామంటారు, అడిగినాను. నువ్వు సదువు, నాను సేస్తాను" అన్నారు.

ఇలాంటప్పటికని ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి దాచుకున్న పెన్‌డ్రైవ్ పెట్టి కంప్యూటర్ని లేపారు. తెర మీద ఏం వస్తుందో నేను చెప్పకముందే ఆయనే చెప్పేవారు. "ఇప్పుడు భాష అడుగుతాది. కిందన కుడి పక్క మీట ఉంటాది. సూడు." ఉండేది. జీవితంలో ఒక్కసారీ తెర అంటే ఏమిటో చూడని మనిషి, ఆ తెరలో ఏది ఏ మూల ఉంటుందో నా కంటే ముందు చెబుతుంటే నేను తెరనీ ఆయన్నీ మార్చి మార్చి చూశాను. తర్వాత నల్లటి తెర వచ్చింది. ఆయన ఇంగ్లీషులో ఒక ఆజ్ఞ టైపు చేసేవారు, అక్షరానికి అక్షరం నేను చదివి వినిపించేదాన్ని, సరేనంటే ఎంటర్ కొట్టేవారు. "ఏటున్నాదో అదే సెప్పమ్మా. ఏటుండాలో సెప్పకు" అని మొదట్లోనే అన్నారు.

అంకెలు, చిన్న మాటలు వచ్చినంతసేపూ బాగానే చదివాను. చిన్న భాగం సృష్టించమని ఆయన ఆజ్ఞ ఇచ్చి ఎంటర్ కొట్టగానే తెర మీద పొడుగాటి ఇంగ్లీషు వాక్యం ఒకటి వచ్చింది. రెండు వరసలు. రెండో మాట దగ్గరే నాకు నోరు తిరగలేదు. ఇంటర్లో ఇంగ్లీషు మేడమ్ నన్ను నిలబెట్టి చదివించి, క్లాసంతా నవ్విన రోజు గుర్తొచ్చింది. సిగ్గేసింది. ఇంతసేపూ ఏం చెప్పినా అయిపోయింది, అయిపోయింది అనే వచ్చింది కదా అనుకుని, "అయిపోనాది సార్" అనేశాను.

ఆయన తర్వాతి ఆజ్ఞ టైపు చేశారు. అది తుడిచే ఆజ్ఞ. నేను అక్షరాలు చదివాను. ఆయన వేలు ఎంటర్ మీదికి వెళ్ళింది. వెళ్ళి ఆగింది.

"అమ్మా, ఇందాకటి వరస పొట్టిదా, పొడుగుదా?"

నేను తెర మీది ఆ రెండు వరసల వైపు చూశాను.

"నువ్వు ఊపిరి పట్టేసినావు. అందుకడుగుతన్నాను."

నాకు ఏడుపొచ్చేసింది. "పొడుగుది సార్. నాకు సదవడం రాలేదు. అబద్ధం ఆడీసినాను" అన్నాను.

ఆయన కీబోర్డు మీంచి రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ మొహంలో కోపం వెతికాను, కనిపించలేదు. తర్వాత టైపు చేసినదంతా వెనక్కి తుడిచేసి, "మాట రాకపోతే పోనీ, అక్షరాలు వచ్చు కదా. అక్షరాలు సెప్పు, నాను కలుపుకుంటాను" అన్నారు.

ఎన్, ఓ, తర్వాత ఖాళీ. యు, ఎస్, ఎ, బి. ఒక్కొక్క అక్షరం చెప్పాను. ఆయన పెదాలు కదుపుతూ వాటిని కలుపుకున్నారు. రెండు వరసలు చదవడానికి పది నిమిషాలు పట్టి ఉంటుంది. జాగా చాలలేదు, భాగం తయారవలేదు అని ఆ వాక్యం అర్థం. తర్వాత ఉన్న భాగాల పట్టిక తెప్పించి, "ఏ వరస ముందైనా సుక్కలాటిది ఉన్నాదా?" అని అడిగారు. ఉంది. పెద్ద భాగం ముందు. ఆ చుక్క ఎక్కడుంటే తుడవడం అక్కడ జరుగుతుందట. ఆ ఒక్క మీటా నొక్కి ఉంటే మందుల షాపాయన గొంతూ, హెడ్మాస్టరు గొంతూ, కుక్కరు కూతలూ అన్నీ ఆ క్షణంలో పోయేవి. అవి విని చదువుకునే పిల్లల ఏడాది కూడా పోయేది. ఆపింది ఏమిటంటే, పక్కనున్న ఒక మనిషి ఊపిరి పట్టిన చప్పుడు.

మళ్ళీ మొదటి నుంచి చేశారు. జాగా ఎక్కువ చేసి, చిన్న భాగం కట్టి, చుక్క దాని ముందే ఉందని నా చేత మూడుసార్లు చదివించి, అప్పుడు తుడిచారు. మొదలెట్టే ఫైళ్ళు అందులో రాయించారు. పెన్‌డ్రైవ్ తీసేసి, కంప్యూటరు లేవగానే వచ్చే నీలం తెర లోపలికి వెళ్ళి, మొదట వెతకాల్సింది ఈ కొత్త డిస్కులోనే అని మార్చారు. ఆ నీలం తెరలో కుడికి ఎన్నిసార్లు, కిందికి ఎన్నిసార్లు నొక్కాలో వేళ్ళ మీద లెక్క ఆయనకి ఉంది. నేను చదివింది సరిచూసుకోవడానికే.

స్విచ్చి వేశాక ముగ్గురం చెవులు రిక్కించాం. స్పీకర్లోంచి ఆ తూనీగ గొంతు ఒక్కసారిగా పలికింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ పెద్దమ్మ, "వచ్చీసినాదిరా" అని అక్కడే కూలబడింది. సారు మాత్రం లేవలేదు. ఒక్కొక్క పుస్తకం తెరిచి, మొదటి వాక్యం, చివరి వాక్యం విన్నారు. అన్నీ విన్నాకే అన్నానికి లేచారు. అప్పటికి నాలుగు దాటింది.

చెయ్యి కడుక్కుంటూ, "రేపట్నుండి నువ్వు సదువుతావు" అన్నారు. ఈసారి అడగలేదు. నేను తప్పు చేశానని గుర్తు చేశాను. "తెలీలేదని సెప్పినావు కదా. అలగ సెప్పేవోళ్ళే గావాల నాకు" అన్నారు.

మర్నాడు చరిత్ర పుస్తకం మొదటి పాఠం చదివాను. ఈ నాలుగేళ్ళలో పంతొమ్మిది పుస్తకాలు చదివాను. అలా చదువుతూ చదువుతూనే నాకు వాక్యం రాయడం వచ్చింది. ఒకసారి, అన్ని తెరలూ ఎలా గుర్తుంటాయి సార్ అని అడిగాను. "సూసేవోడికి మర్సిపోతే మళ్ళీ సూసుకోడానికి ఈలుంటాది. నాకు లేదు కదమ్మా" అన్నారు, ఏదో కూర ఎలా వండాలో చెప్పినట్టు.

అంత్యక్రియల రోజు పిల్లలు బస్సుల్లో, రైల్లో వచ్చారు. కొందరికి ఉద్యోగాలు వచ్చాయి, బడుల్లో పాఠాలు చెబుతున్నారు. పాలకొండ నుంచి వచ్చిన ఒకమ్మాయి నా గొంతు గుర్తుపట్టి, వెతుక్కుంటూ వచ్చి చెయ్యి పట్టుకుంది. "అక్కా, సారు సూడ్డానికి ఎలాగుండేవోరు?" అని అడిగింది. ఆరేళ్ళు ఆయన దగ్గర చదువుకున్న పిల్ల. చెప్పాను. పొడుగ్గా, బక్కగా ఉండేవారని. ఎడమ చెంప మీద చిన్నప్పటి మశూచి మచ్చ ఉందని. జేబులో ఎప్పుడూ పెన్ను ఉండేదని. "సారు రాయరు కదక్కా, పెన్నెందుకు?" అంది. ఎవరైనా అడిగితే ఇవ్వడానికి అని చెప్పాను. ఆ అమ్మాయి పక్కవాళ్ళకి చెప్పింది, వాళ్ళు ఆ పక్కవాళ్ళకి చెప్పారు.

సారుని రైల్వే గేటు అవతలి శ్మశానానికి తీసుకెళ్ళాలి. ఆడపిల్లలు కూడా బయల్దేరారు, ఎవరూ వద్దనలేదు. ముందున్నవాళ్ళ భుజం మీద వెనకవాళ్ళు చెయ్యి వేసుకుని ఒకే వరసగా నడిచారు. మేం వెళ్ళేసరికి గేటు పడి ఉంది. గూడ్సు బండి పోతుంటే ఆ వరసంతా ఆగి, అందరూ ఒకేసారి మొహాలు దాని వైపు తిప్పి, చివరి పెట్టె దూరమయ్యేదాకా అలాగే నిలబడ్డారు. గేటు లేచింది. రెండు పక్కలా లారీలు, ఆటోలు, బళ్ళు నిండి ఉన్నాయి. ఒక్కడూ ఇంజను స్టార్టు చెయ్యలేదు. ఆ ఎండలో, పట్టాల మధ్య కంకర మీద, భుజానికి చెయ్యి ఆనించుకుంటూ వాళ్ళు నెమ్మదిగా అవతలికి దాటారు.