ఒట్టి పిడికిలి

మౌంట్ నెబో బాప్టిస్టు చర్చి గుమ్మంలో ఎజెల్ టాలివర్ ఎలా నిలబడతాడో టార్‌వెల్ ఊళ్ళో అందరికీ తెలుసు. నల్ల సూటు, చేతులకు తెల్లటి తొడుగులు. కుడి చెయ్యి వచ్చినవాళ్ళకు దారి చూపిస్తుంటుంది, ఎడమ చెయ్యి పిడికిలి బిగించి నడుము వెనక ఉంటుంది. అమెరికాలో మా నల్లవాళ్ళ చర్చీల్లో అషర్లందరూ అలాగే నిలబడతారు. వచ్చినవాళ్ళను లోపలికి పిలవడం, చోటు చూపించడం, ఉక్కపోస్తే చేతికో అట్ట విసనకర్ర ఇవ్వడం అషర్ పని. వెనక్కి పెట్టిన చెయ్యి మర్యాదకు గుర్తు. ఎజెల్‌కు దాన్ని వాళ్ళమ్మ నేర్పింది. పాలపళ్ళు ఊడకముందే వంటింట్లో నిలబెట్టి, చెయ్యి జారినప్పుడల్లా గరిటెతో ఒకటి తగిలించి మరీ నేర్పింది.

ఆ అలవాటు చర్చి గుమ్మం దగ్గర ఆగలేదు. బడి బస్సులు బాగుచేసే షెడ్డుకు పై అధికారి వచ్చినా, బ్యాంకు కిటికీ ముందైనా, డాక్టరు గదిలోనైనా, ఎదుటి మనిషికి మర్యాద ఇవ్వాలనిపించగానే ఆయన ఎడమ చెయ్యి తనంతట తనే వెనక్కి వెళ్ళిపోయేది. భార్య వర్డెల్ ఈ సంగతి చెప్పి నవ్వించని పెళ్ళి విందు లేదు.

“నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగినప్పుడు కూడా చెయ్యి వెనకే! ఉంగరం దాచాడు కాబోలని చుట్టూ తిరిగి వెనక్కెళ్ళి చూశా. ఏముందక్కడ? ఒట్టి పిడికిలి!”

టార్‌వెల్ పోలీసులకు కరెంటు తుపాకులు వచ్చిన ఏడాది ఊళ్ళో సభ పెట్టారు. నొక్కితే రెండు ముళ్ళు తీగలతో సహా ఎగిరొచ్చి ఒంట్లో దిగుతాయనీ, మనిషి కొయ్యబారి పడిపోతాడనీ, ప్రాణం మాత్రం పోదనీ, ఇక తూటాలతో పనే ఉండదనీ చెప్పారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఎజెల్ కూడా ఉన్నాడు. చావడం కన్నా నయమే కదా అనుకున్నాడు. అసలు తుపాకి తీయాల్సిన చోట దీన్ని తీస్తే ఒక అందం. వీళ్ళు నోటితో చెప్పాల్సిన చోటల్లా దీన్ని తీశారు. పెట్రోలు బంకు దగ్గర తూలుతున్న తాగుబోతుకు తగిలింది. కారు పక్కకు తీయనని వాదించిన ఆవిడకు తగిలింది. వెనక నుంచి అరిస్తే వినబడక తన దారిన పోతున్న చెవిటి మనిషికి తగిలింది. ఒక్కో కబురూ విన్నప్పుడు ఎజెల్ తల ఊపి, “ఊరికే కొడతారా? వాడేదో చేసే ఉంటాడు” అనేవాడు. వారం వారం గుమ్మంలో నిలబడి అందరినీ రమ్మని పిలిచే మనిషి అనాల్సిన మాట కాదది. అయినా అనేవాడు.

ఆ వేసవిలో నెబో వీధి ఇళ్ళ వెనకాల ఎవరో ఏసీ పెట్టెలు విప్పి రాగి గొట్టాలు ఎత్తుకుపోతున్నారు. వీధి వీధంతా కిటికీ తెరల సందుల్లోంచి ఒకరినొకరు చూసుకోవడం మొదలైంది. అదే రోజుల్లో ఆ వీధిలోనే ఉండే మా చర్చి మనిషి సిస్టర్ ఒడెస్సా తుంటి విరిగి ఆసుపత్రిలో చేరితే, ఆవిడ పెరట్లోని కాలర్డ్ ఆకుకూర మడికి నీళ్ళు పెట్టే పని ఎజెల్ తన మీద వేసుకున్నాడు. ఒక శనివారం సాయంత్రం, ఎండ ఇంకా చురుక్కుమంటుండగా, నీళ్ళు పెట్టడం అయిపోయి వెనక తలుపు గడియ సరిగ్గా పడిందో లేదోనని లాగి చూస్తున్నాడు.

“ఏయ్! అక్కడే ఆగు! చేతులు చూపించు!”

పెరటి గేటు దగ్గర ప్రూయిట్ అనే కుర్ర పోలీసు నిలబడి ఉన్నాడు. ఎజెల్ వెనక్కి తిరిగాడు. ఎదురుగా యూనిఫారం. కుడి అరచెయ్యి తెరుచుకుని ముందుకు వచ్చింది, ఎడమ చెయ్యి వెనక్కి వెళ్ళింది.

“నమస్తే సార్. నేనండీ…”

“ఆ చెయ్యి! వెనకున్న చెయ్యి బయటికి తియ్యి!”

“ఇది సిస్టర్ ఒడెస్సా ఇల్లు సార్, ఆవిడకి ఒంట్లో…”

“తియ్యమన్నానా!”

వాడు అరిచిన కొద్దీ ఎజెల్ ఇంకా నిటారుగా నిలబడ్డాడు, పిడికిలి ఇంకా బిగిసింది. గుమ్మంలోకి గొడవ చేసేవాడు వస్తే అషర్ చెయ్యాల్సింది అదే. గొంతు పెంచకూడదు, కదలకూడదు, నిలబడే తీరు చెడకూడదు. వాడు ఏ చెయ్యి గురించి అడుగుతున్నాడో బుర్రకెక్కే లోపే ముళ్ళు దిగాయి. ఒకటి ఎడమ డొక్కలో, ఒకటి తొడలో. పడిపోయాక చేతులు ముందుకు చాపమన్నాడు. కరెంటు పట్టిన చేతులు ఎలా చాపుతాడు? చాపలేదని మళ్ళీ నొక్కాడు. డెబ్భై దాటిన మనిషి, ఎవరితోనూ ఒక మాట పడి ఎరగనివాడు, మడి బురదలో ప్యాంటు తడుపుకుని పడి ఉన్నాడు. ఆఖరికి పిడికిలి విప్పి చూశారు. అందులో ఏమీ లేదు.

ఏమీ లేకపోయినా కేసు పెట్టారు. పోలీసు ఆజ్ఞ వినకుండా అడ్డుపడ్డాడట.

ముళ్ళు దిగిన చోట దోమ కుట్టినంత మచ్చలే మిగిలాయి. చెయ్యి మాత్రం మాట వినడం మానేసింది. మరుసటి ఆదివారం గుమ్మంలో నిలబడి ఎడమ చెయ్యి వెనక్కి పెట్టబోతే భుజం దగ్గరే బిగుసుకుపోయింది. ఒళ్ళంతా చెమట పట్టింది. డాక్టరు చూసి ఎముకా బాగుంది, నరమూ బాగుంది అన్నాడు. రెండు అరచేతులూ ముందుకు తెరిచి నిలబడుతున్న ఎజెల్‌ను చూసి చర్చిలో ఎవరూ ఏమీ అనలేదు. కానీ అక్టోబరులో అషర్ల వార్షికోత్సవం ఉంది. ఆ రోజు తీరు తప్పకుండా నిలబడలేని అషర్ తొడుగులు విప్పి పాస్టరు గారి చేతికి ఇచ్చెయ్యాలి. ఆ నియమం పెట్టింది ఎజెలే. కీళ్ళవాతంతో చెయ్యి వంగని ముసలాయన దగ్గర ఒకప్పుడు దగ్గరుండి తొడుగులు విప్పించిందీ ఆయనే. ఇప్పుడు తన వంతు వచ్చేలా ఉంది. ఆ గుమ్మం లేకపోతే తను ఎవరికీ ఏమీ కాడని ఆయనకు భయం పట్టుకుంది.

దానికి తోడు ఇంకో పురుగు తొలవడం మొదలుపెట్టింది. ఎవరో ఫోన్ చేస్తేనే వచ్చామన్నారు పోలీసులు. ఆ ఫోన్ చేసింది ఎవరు? ఆ పెరడు కనబడేది నెబో వీధి వాళ్ళకే. నెబో వీధిలో ఉండేది చర్చివాళ్ళే. అంటే ప్రతి ఆదివారం తను చోటు చూపించి కూర్చోబెట్టేవాళ్ళలో ఒకరు.

ముందు మంగలి రాస్కో మీద అనుమానం పడింది. “ఏం బ్రదర్, చార్జింగ్ ఎక్కిందా?” అని పరాచికమాడాడు కదా, తప్పు చేసినవాడే అలా నవ్వుతాడు అనుకున్నాడు. రాస్కోను తీసుకెళ్ళి స్తంభం వెనక, పాస్టరు మొహం కనబడని చోట కూర్చోబెట్టాడు. తర్వాత డీకన్ పదవిలో ఉన్న చర్చి పెద్ద ఒకాయన తన కళ్ళలోకి చూడటం లేదనిపించింది. ఆయనకు పిడి విరిగిన విసనకర్ర దక్కింది. వీధి మలుపులో కొత్తగా దిగినవాళ్ళు ఎండ కొట్టే తలుపు పక్కకు పోయారు. చేతులు జేబులో పెట్టుకుని వచ్చినవాళ్ళందరినీ పైనుంచి కిందిదాకా చూసేవాడు.

“వచ్చినోళ్ళని లోపలికి పిలుస్తున్నావా, సోదా చేస్తున్నావా?” అంది వర్డెల్ ఒకరోజు, మొక్కజొన్న రొట్టె కోసి పెడుతూ. “నీకూ ఆ ప్రూయిట్‌గాడికీ తేడా ఏంటో చెప్పు. వాడి నడుంకి తుపాకుంది, నీకు లేదు. అంతేగా?”

“నీకేం తెలుసు? చేసినవాడు నా ఎదురుగానే కూర్చుని పాటలు పాడుతున్నాడు.”

“పాడనీ. నువ్వు రొట్టె తిను.”

ఒక్కరి మీద మాత్రం ఆయనకు అనుమానం కలగలేదు. గాయక బృందంలో ముందు వరసలో నిలబడి పాడే సిస్టర్ ఎర్నెస్టీన్. ఒడెస్సా పక్కింట్లోనే ఉంటుంది. ఆ సంఘటన జరిగిన దగ్గర్నుంచి వారం తప్పకుండా నిమ్మకాయ కేకు చేసి తెచ్చి ఇస్తోంది. గడప దాటి లోపలికి రాదు. గిన్నె వర్డెల్ చేతిలో పెట్టి, “దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి నాయనా” అని వెళ్ళిపోతుంది. ఎవరితో మాట్లాడినా ఆవిడ ముగించేది ఆ మాటతోనే. చర్చిలో పిడి గట్టిగా ఉన్న మంచి విసనకర్ర ఎజెల్ ఆవిడకే దాచి ఉంచేవాడు.

సెప్టెంబరులో కేసు విచారణకు వచ్చింది. లోపలికి పోకముందే అవతలి వకీలు, చెయ్యి దాచానని ఒక్క మాట ఒప్పుకుంటే కేసు ఎత్తేస్తాం, ఇంటికెళ్ళి హాయిగా పడుకోవచ్చు అన్నాడు. 

“దాచలేదు సార్,” అన్నాడు ఎజెల్. “నిలబడ్డాను.”

కోర్టులో ప్రూయిట్ చొక్కాకున్న కెమెరాలో పడ్డ వీడియో వేశారు. మా వాళ్ళంతా చూశారు. కుడి చెయ్యి తెరిచి, ఎడమ చెయ్యి వెనక పెట్టి, చర్చిలో ఎలా నిలబడతాడో సరిగ్గా అలాగే నిలబడ్డ మనిషిని కింద పడేయడం చూసి కొందరు బయటికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత పోలీసులకు వచ్చిన ఫోన్ వినిపించారు.

“ఒడెస్సా వెనక తలుపు దగ్గర ఎవడో గడియ లాగుతున్నాడు బాబూ… ఆ రాగి దొంగే అయ్యుంటాడు… తొందరగా రండి. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి నాయనా.”

ఎజెల్ తల తిప్పి చూశాడు. ఎర్నెస్టీన్ కూర్చున్న చోటు అప్పటికే ఖాళీగా ఉంది.

జడ్జి కేసు కొట్టేశాడు. ప్రూయిట్‌ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. శిక్షణలో నేర్పిన ప్రకారమే చేశాడన్నారు. కనబడని చెయ్యి అంటే ఆయుధం ఉన్న చెయ్యి అని వాళ్ళకు నేర్పుతారట. అదే పోలీసు, అదే కారు, ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చి ఎదుట రోడ్డు పక్కన ఆగి ఉండేది. ట్రాఫిక్ కోసం అన్నారు. నెబో వీధిలో ట్రాఫిక్!

ఇంట్లో ఆఖరి కేకు ముక్క ఇంకా మిగిలి ఉంది. ఎజెల్ దాన్ని చెత్తబుట్టలో పారేయబోయాడు.

“ఇన్ని వారాలు మింగావుగా? బాగానే అరిగిందిగా?” అంది వర్డెల్. గిన్నె లాక్కుని, తనే తినేసి, మూతి తుడుచుకుంది. “భయపడ్డ మనిషి ఫోన్ చేసింది. ఫోన్ చెయ్యడం తప్పు కాదయ్యా. చేశాక నోరు మూసుకోవడం తప్పు. ఆ ముళ్ళు దింపింది మాత్రం ఆవిడ కాదు.”

రాస్కోను స్తంభం వెనక కూర్చోబెట్టిన ఆదివారాలన్నీ గుర్తొచ్చి ఎజెల్‌కు సిగ్గేసింది. ఎర్నెస్టీన్ మీద కోపం మాత్రం తగ్గలేదు.

అక్టోబరులో వార్షికోత్సవం ఆదివారం రానే వచ్చింది. చర్చి నిండిపోయింది. పాస్టరు గారు వేదిక మీద కూర్చున్నారు. ఎజెల్ గుమ్మంలో రోడ్డువైపు తిరిగి నిలబడ్డాడు. రెండు చేతులూ ముందే ఉన్నాయి. చివరి మనిషి లోపలికి వెళ్ళాక తొడుగులు విప్పి ఇచ్చేద్దామని నిశ్చయించుకునే వచ్చాడు. రాస్కోను ముందు వరసలో కూర్చోబెట్టి మంచి విసనకర్ర ఇచ్చాడు. రాస్కో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇందులో కరెంటు లేదుగా?” అన్నాడు. ఎజెల్‌కు ఈసారి నవ్వొచ్చింది.

అందరూ కూర్చున్నారు అనుకుంటుండగా మెట్ల కింద ఎర్నెస్టీన్ కనబడింది. కోర్టు తర్వాత ఆవిడ చర్చికి రావడం అదే మొదటిసారి. మెట్టు ఎక్కలేదు. చేతిసంచి పొట్టకు అదుముకుని నిలబడిపోయింది. 

“నువ్వని తెలీదు ఎజెల్. తెలిశాకేమో చెప్పడానికి నోరు రాలేదు. నన్ను లోపలికి రావద్దంటే ఇట్నుంచి ఇటే ఎల్లిపోతా.”

“కళ్ళద్దాలు మార్చుకోమని నీకెన్నిసార్లు చెప్పాను?” అన్నాడు ఎజెల్. గొంతులో కోపం అలాగే ఉంది.

అవతల పోలీసు కారు అద్దం కిందికి దిగింది. ప్రూయిట్ చూపు ఎజెల్ చేతుల మీదే ఉంది.

అషర్ గుమ్మంలో నిలబడి ఎవరినీ పొమ్మనడు. అలాగని లొంగిపోయిన ఖైదీలా రెండు చేతులూ చూపిస్తూ రమ్మని కూడా పిలవడు. ఎజెల్‌కు భయం వేసింది. డొక్కలో మచ్చ చురుక్కుమంది. కుడి చెయ్యి మెట్ల వైపు చాపాడు. ఎడమ చెయ్యి కదిలింది, భుజం దగ్గర ఆగింది, మళ్ళీ కదిలింది. కారు తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడింది. ఎజెల్ అటు చూడలేదు. చెయ్యి నడుము వెనక్కి వెళ్ళింది, వేళ్ళు ముడుచుకున్నాయి.

“రా సిస్టర్. నీ చోటు ఖాళీగానే ఉంది.”

ఎర్నెస్టీన్ మెట్లు ఎక్కుతోంది. ఆ చెయ్యి రోడ్డు మీదివాడికి కనబడదు. లోపల కూర్చున్న మా అందరికీ కనబడుతోంది. వెనక వరసలోంచి వర్డెల్ లేచి, ఆయన వీపు దాకా వచ్చి, వంగి చూసింది.

“చూశాలే,” అంది మెల్లగా. “ఏమీ లేదు. ఒట్టి పిడికిలే. తియ్యొద్దు, అలాగే ఉంచు.”