మస్తాన్‌బీ అక్క రాయించిన పేరు

ఫ్రిజ్‌లోంచి ఆ రొయ్యల కవరు ఇలా ఇవ్వవే. అబ్బా, ఐసు తగిలితే ఇప్పటికీ వేళ్ళు జివ్వుమంటాయి. ఈ చలికే మస్తాన్‌బీ అక్క గుర్తొచ్చింది. ఫోన్ తియ్యి, నేను చెప్తా, నువ్వు రాయి. ఆవిణ్ణి ఎరగనివాళ్ళకి కూడా తెలియాలి.

నిజాంపట్నం రోడ్డులో రొయ్యల ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ మేం తలలు తీసి పొట్టు ఒలిచేవాళ్ళం. నేను కాపురానికొచ్చిన కొత్త. మా తోడికోడలు కోటేశ్వరమ్మ పని మానేస్తే, ఆవిడ పేరు మీదే నేను వెళ్ళేదాన్ని. అందరూ అంతే. కూలి ఇంటికొస్తుంది కదా, ఎవరి పేరైతే ఏంటని! మస్తాన్‌బీ అక్క సూపర్‌వైజరుగా వచ్చాక నన్ను గేటు దగ్గరే ఆపేసింది.

"నీ పేరేంటే?"

"కోటేశ్వరమ్మండి."

"అది మీ తోడికోడలు. నీ పేరడిగా."

"పద్మండి."

"చేతులు పద్మవీ, బీమా కోటేశ్వరమ్మదీనా? పద, ఓనరు దగ్గరికి."

నాకు ఏడుపొచ్చేసింది. పని పోయిందనుకున్నా. దారిలో అక్కే చెప్పింది. ఆ బీమాకి మన జీతంలో కొంచెం పట్టుకుంటారంట, ఓనరు అంతకన్నా ఎక్కువ కడతాడంట. మన పేరు మీద పనిరోజులు సరిపడా ఉంటే జబ్బుకి వైద్యం, కాన్పుకి సెలవూ, డబ్బులూ వస్తాయంట.

షెడ్డులోనే ఉన్న ఓనరు విసుక్కున్నాడు. "పాత పేరుతో నడిచిపోతుందిగా మస్తాన్‌బీ, మళ్ళీ కొత్తదెందుకు?"

"రేపు ఈ పిల్లకి నెలలు నిండితే కోటేశ్వరమ్మకి పురుడు పోయిస్తారాండి?"

షెడ్డంతా ఒకటే నవ్వు. ఆయనా నవ్వేశాడు. ఆ రోజే పద్మ అని రాయించింది. నాదే కాదు, అలా వేరేవాళ్ళ పేర్లతో చేసే ఆడవాళ్ళందరి పేర్లూ.

తర్వాత రెండేళ్ళకి మీ అమ్మ కడుపున పడింది. మీ తాతయ్యకి చేపల వేట ఉంటే డబ్బున్నట్టు, లేకపోతే లేదు. పురుడు కాగానే మళ్ళీ ఐసులో చేతులు పెట్టాల్సిందేనని నేను హడలిపోతున్నా. మా అత్తయ్య అలాగే వెళ్ళి, జన్మంతా నడుంనొప్పితో మూలిగింది మరి. నాకు మాత్రం ఇంటి దగ్గరుండగానే డబ్బులొచ్చాయి. అత్తయ్య బుగ్గలు నొక్కుకుంది.

"కూర్చోబెట్టి జీతమిచ్చే ఆ మారాజెవరే?"

"మారాజు కాదత్తయ్యా. నేను కట్టిందీ, ఓనరు కట్టిందీ."

అత్తయ్య ముందు తలెత్తి మాట్లాడటం అదే మొదలు. ఆ గొంతు అక్కదే. ఇప్పటికీ బ్యాంకుకెళ్ళినా, ఆసుపత్రికెళ్ళినా నేను బతిమాలను. నాకు రావాల్సింది ఇవ్వండి అంటాను, అంతే.