నీలం వైరు మీద ఎర్ర పోగు కోసం ఎమ్మిగనూరు దాకా

"ఎవరు చూస్తార్లేప్పా" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆదోనిలో మా షెడ్డుకి వచ్చేవాళ్లలో సగం మందిది ఇదే మాట. ఇంచీల బోల్టు ఉండాల్సిన చోట ఎం.ఎం. బోల్టు తిప్పి తిప్పి దూర్చేస్తారు. ఎవరు చూస్తార్లే. తల మీద ఒకటే గీత ఉండే మర పోతే స్టారు మర బిగిస్తారు. ఎవరు చూస్తార్లే. నేను చూస్తాను కదరా! నా ఖర్మకొద్దీ నాలాగే చూసే మనిషి ఇంకొకరు దొరికారు. ఆమె సుధా మేడం, బడిలో సైన్సు చెబుతుంది. మంత్రాలయం వైపు వాళ్లు. అక్కడ సంస్కృతం చెప్పిన వాళ్ల తాత నడిపిన పాత అంబాసిడర్‌ని బెంగళూరులో జరిగే పాత కార్ల పోటీకి పెట్టాలని ఆమె పట్టు. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు బండి ఎలా ఉందో అలాగే ఉంటే ఆ పోటీలో పూర్తి మార్కులు. తేడా కనబడిన ప్రతి చోటా కోత. టీచరుకి మార్కుల పిచ్చి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

మొదటి మర నుంచి చివరి మర దాకా నేనొక్కడినే చేస్తున్న మొదటి కారు ఇది. ఐటీఐ చదవలేదు. పాత బండ్లు విప్పి, చెడగొట్టి, మళ్లీ బిగించి నేర్చుకున్నాను. డిక్కీ లోపల, కనబడని మూలల్లో, ఆ రోజుల్లో పలచగా ఒక్క పూతే వేసేవాళ్లని పాత రంగు గీకి చూస్తే తెలిసింది. నేనూ ఒక్క పూతే వేశాను. చూసినవాళ్లు "రంగు సాలలేదా అప్పా" అని నవ్వారు. ఆ పలచదనం కుదరడానికి నేను నాలుగుసార్లు తుడిచి మళ్లీ వేయాల్సి వచ్చింది. అది మాత్రం ఎవడూ అడగడు.

అంతా కుదిరింది గానీ వైర్ల దగ్గర ఆగిపోయాను. ఆ కాలపు వైరు పైన కనబడేది ప్లాస్టిక్ కాదు, నూలు అల్లిక. ఒక్కో వైరుకి ఒక్కో రంగు, ఆ రంగు మీద గుర్తు కోసం వేరే రంగు పోగు. నీలం మీద తెల్ల పోగు ఉంటే హెడ్‌లైటు బ్రైటుకి, నీలం మీద ఎర్ర పోగు ఉంటే డిమ్ముకి. అలాంటిది బజారులో దొరకదు. పాత కార్లు బాగుచేసే బెంగళూరు వర్క్‌షాప్ వాడొకడు మేడంకి ఫోన్ చేసి "ఆ పని ఆదోనిలో అయ్యేది కాదు, బండి మాకు పంపండి" అన్నాడు. ఆమె సరేనంది. బండిని ఎక్కించుకుపోయే లారీ ఎల్లుండి పొద్దునకి మాట్లాడేశారు కూడా. నేను గొడవ పెట్టుకుంటే ఆమె ఒక్కటే చెప్పింది. "రేపు సాయంత్రం నేను వచ్చేసరికి సరైన వైరు ఒక్క మూరెడు నా చేతిలో పెట్టు బసవరాజూ. బండి కదలదు. పెట్టలేకపోతే నన్ను తప్పుపట్టకు."

అదీ నా ఎమ్మిగనూరు ప్రయాణానికి కారణం. నూలు పని అంటే ఈ చుట్టుపక్కల ఎవరైనా ఎమ్మిగనూరే చెబుతారు. పాత వైరు ముక్క ఒకటి చొక్కా జేబులో, పైన ఏ అల్లికా లేని కొత్త వైరు చుట్ట ఒకటి సంచిలో, వాటితో పాటు నేను ఎక్కడికెళ్లినా వదలని ఇంచీల పానాలు. బస్టాండు ఎదురుగా బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని పొద్దున్నే పల్లెవెలుగు ఎక్కాను. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకి బస్సులు తరచూ ఉంటాయి, సుమారు గంట ప్రయాణం, టికెట్టు యాభై లోపే. ఆడవాళ్లకి ఉచితం కాబట్టి సీటు కావాలంటే బస్సు స్టాండులోకి తిరుగుతున్నప్పుడే కర్చీఫ్ వేయాలి. నేను వేశాను. నా కర్చీఫ్ మీదే ఒక పెద్దమ్మ కూర్చుని, దిగేటప్పుడు దాన్ని మడిచి నా చేతికిచ్చింది. దారంతా పత్తి ట్రాక్టర్లు ఎదురొచ్చాయి. రోడ్డు పక్క తుమ్మ కంపలకి దూది పింజలు పట్టుకుని, ముళ్ల చెట్టు పూసినట్టు కనిపించింది. కిటికీ పక్కన నిలబడి చూసినా బాగుంటుంది ఈ దారి.

ఎమ్మిగనూరులో దిగి, మగ్గాలున్న వీధి అడుక్కుంటూ నడిచాను. చప్పుడు వినిపించిన మొదటి ఇంట్లో దూరాను. గుంట మగ్గంలో కూర్చుని వీరన్న అనే ఆయన దుప్పటి నేస్తున్నాడు. వైరు ముక్క చూపించి, దీని మీద ఉన్నట్టే నేసి పెట్టాలన్నాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి మగ్గం ఆపాడు.

"ఇది నేత గాదప్పా. మగ్గం మీద బట్ట నేస్తారు. గొట్టం యాడన్నా నేస్తారా?"

"నూలే కదన్నా ఇది?"

"నూలే. నీ తలెంట్రుకలు గూడా పోగులే. మగ్గానికి ఎక్కిచ్చమంటావా?"

లోపలి నుంచి వాళ్లావిడ నవ్వు వినిపించింది. నాకు కోపం వచ్చింది. "చేతగాదంటే చేతగాదని చెప్పన్నా, తలెంట్రుకలు ఎందుకు?" అన్నాను. ఆయన కోప్పడలేదు. "కూసో. మంచినీళ్లు తాగు. ఇది అల్లేది. మా మరదలు శంకరమ్మ నాడాలు అల్లే మిషను పెట్టుకున్యాది, ఆయమ్మ జేస్తే జెయ్యాల" అన్నాడు. తర్వాత నా చేతిలోని ముక్క మళ్లీ తీసుకుని, "నీలం యాడుంది దీంట్లో? బూడిద మాదిరి ఉండాది" అన్నాడు. ఎండకి, పొగకి రంగు పోయింది మరి. ఆ వైరుని బాడీకి పట్టి ఉంచిన రేకు క్లిప్పు ఇంకా దాని మీదే ఉంది. పానాతో క్లిప్పు ఎత్తి చూపించాను. దాని కింద వేలి గోరంత మేర, ఎండ చూడని నీలం నిగనిగలాడింది. వీరన్న గుమ్మంలోకి వెళ్లి, మూడు రకాల నీలం నూలు తెచ్చి ఒక్కోటి ఎండలో పక్కన పెట్టి చూసి, నడిమిది నా చేతికిచ్చాడు. "ఇదే. డబ్బులు వద్దులే. అది ఎట్ల వస్తాదో నేనూ చూడాల" అని నాతోపాటే బయల్దేరాడు.

శంకరమ్మ ఇల్లు రెండు సందుల అవతల. ముందు గదిలో బల్లంత మిషను. గుండ్రటి పళ్లెం మీద దారపు కండెలు నిలబడి, సగం ఇటు సగం అటు తిరుగుతూ, ఒకదాన్నొకటి తప్పించుకుంటూ అల్లుతున్నాయి. అచ్చం జడ కోలాటమే. లంగాలకి, పైజామాలకి వేసే గుండ్రటి నాడాలు దీని మీదే అల్లుతుంది. ఆ రోజు మంత్రాలయం అంగళ్లకి పోయే ఎర్ర చేతి తాళ్లు నడుస్తున్నాయి. అన్నింటికంటే ముఖ్యంగా నేను చూసింది నడిమధ్యలోని రంధ్రం. అందులోంచి లావు దారం ఒకటి పైకి వస్తోంది. దాని చుట్టూ అల్లిక పడుతోంది. ఆ లావు దారం తీసేసి దాని చోట నా వైరు పెడితే! గట్టిగానే అరిచినట్టున్నాను, శంకరమ్మ ఉలిక్కిపడి మిషను ఆపేసింది.

విషయం చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"మా నాడాలు లంగాలకి పోతాయి. నీ కారుకి లంగా కడ్తావా ఏందప్పా?"

"కారుకి కాదక్కా, వైరుకి."

"లంగా నాడాలు అల్లే మా మిషనే సిగ్గులేనిది అనుకుంటి. నీ కారుకీ సిగ్గు ల్యాదు" అని ఒకటే నవ్వు. తర్వాత నవ్వు మానేసి, "పొద్దు గూకే లోపల ఈ తాళ్లు బస్సుకెయ్యాల. దానికి తోడు ఇది టక్కుటక్కుమని ఎగిరి దారం తెంపుతాంది. నీ సోకులకి యాడ తీరిక?" అంది.

ఆ టక్కుమనడం నేనూ విన్నాను. పళ్లెం కింద దూరి చూశాను. పాత మిషను, బోల్టులన్నీ ఇంచీల కొలత. ఒక్కటి మాత్రం ఎవడో మహానుభావుడు ఎం.ఎం. బోల్టుకి దారం చుట్టి దిగ్గొట్టాడు. పళ్లెం ఆ వైపు ఎగిరిన ప్రతిసారీ ఒక కండె తప్పుతోంది. పళ్లెం కిందనుంచే వాడిని తిట్టాను. ఆ తిట్లు ఇక్కడ రాయను. "మా ఆయనేప్పా బిగిచ్చింది" అంది శంకరమ్మ పైనుంచి. సగంలో ఉన్న తిట్టు మింగాను. నా సంచిలో పాత బండ్ల నుంచి తీసి దాచుకున్న బోల్టులు ఉంటాయి. అందులో సరిపోయేది దొరికింది. రంధ్రం లోపలి పుర్రెలు, అంటే మర చుట్లు, అరిగిపోలేదు కాబట్టి బతికాం. మిషను తిప్పితే మెత్తగా, గాలి వీచినట్టు తిరిగింది. శంకరమ్మ ఎర్ర దారం కండెలు విప్పడం మొదలుపెట్టింది.

రెండు కండెలు ఎరుపువి ఉంచి, మిగతావన్నీ నీలం పెట్టాం. వైరు నడిమధ్యలో ఎక్కించాం. మొదటి జానెడు వచ్చింది. నీలం మీద ఎర్ర గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ పాము పొడలా వచ్చాయి. వీరన్న "శానా బాగుండాది" అన్నాడు. శంకరమ్మకీ నచ్చింది. నాకు పిచ్చెక్కింది.

"ఇది కాదు! పాతదాని మీద ఎర్ర గీత ఒకే వైపు చుట్టుకుంటూ పోతుంది, చూడండి!"

"ఇది ఇంకా సొగసుగా ఉంది గదప్పా. కావాలంటే జరీ పోగు ఒకటి ఎయ్యనా?"

"ఫ్యాక్టరీ వాళ్లు జరీ వెయ్యలేదక్కా!"

"వాళ్లకి రాక ఎయ్యలేదేమో. మాకొస్తాదిలే."

వీరన్న నవ్వుతూ గోడకి ఆనుకున్నాడు. నేను మిషను చుట్టూ తిరిగాను. ఎర్ర కండెల్లో ఒకటి కుడికి పోతోంది, ఒకటి ఎడమకి. అందుకే కోసుకుంటున్నాయి. అదే చెబితే శంకరమ్మ నుదురు కొట్టుకుని, "ఆ మాట ముందే సెప్పకుండా అరుస్తావేమి" అంటూ రెండింటినీ ఒకే దిక్కు కండెల్లోకి మార్చింది. మళ్లీ స్విచ్ వేసింది. ఈసారి నీలం గొట్టం మీద సన్నటి ఎర్ర గీత, మర చుట్టు తిరిగినట్టు మెలికలు తిరుగుతూ పైకి లేచింది. పాత ముక్క పక్కన పెట్టాను. ఒకటి ముసలిది, ఒకటి పడుచుది. అంతే తేడా. ఎగిరి గంతేస్తే నా తల దూలానికి తగిలింది. "దూలం ఇరగ్గొట్టకప్పా, దానికి ఏ కొలత బోల్టు దెస్తావు" అంది శంకరమ్మ. వీధిలో పోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు లోపలికి తొంగిచూసి, లంగా నాడాకి కరెంటు పెడుతున్నారని ప్రచారం చేశారు.

ఆమెకి మంత్రాలయం సరుకు ఉంది కాబట్టి మూరెడు కన్నా కాస్త ఎక్కువే తీసుకుని ఆపేశాం. జొన్నరొట్టె, శనక్కాయల పొడి పెట్టింది. మిగతా వైర్లు అల్లుతావా అని అడిగితే, "ముందు మీ టీచరమ్మతో మార్కులు ఎయ్యించుకో పో" అంది. మధ్యాహ్నం బస్సులో సీటు దొరకలేదు. దొరికినా కూర్చునేవాడిని కాదు.

సాయంత్రం మేడం బడి నుంచి నేరుగా షెడ్డుకి వచ్చింది. వైరు చేతికిచ్చాను. ఎండలోకి పట్టుకెళ్లి చూసింది. పాత ముక్కతో కలిపి చూసింది. గోరుతో అల్లిక నొక్కింది. తర్వాత కోసిన కొసని కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుంది.

"లోపల?"

నోటి దాకా అబద్ధం వచ్చింది. వచ్చిందని ఒప్పుకోక తప్పదు. కానీ చెప్పలేదు. "లోపల అప్పుడు రబ్బరు, ఇప్పుడు ప్లాస్టిక్. రబ్బరు పెడితే నాలుగు ఎండలకి పగిలి బండి అంటుకుంటుంది మేడం. పోటీలో అడిగితే ఇదే మాట చెప్పండి. నేను దాచను, మీరూ దాచొద్దు."

బానెట్టు ఎత్తి, ఖాళీగా ఉన్న చోట ఆ మూరెడు వైరుని ఆనించి పట్టుకుని, తల పక్కకి వంచి చూసింది. "అర మార్కు పోతుంది" అంది. ఆ వెంటనే ఫోన్ తీసి బెంగళూరుకి కలిపింది. "లారీ వద్దండి. ఇక్కడే అయిపోతోంది."

ఫ్యాక్టరీ కొలతలంటే రూళ్లకర్రా, ఫోటోలే అనుకునేవాడిని. ఎమ్మిగనూరు పోయొచ్చాక ఒకటి తెలిసింది. ఆ కారు చేసిన రోజున కూడా ఎవరో ఒకరు ఇలాగే మిషను పక్కన నిలబడి, ఎర్ర కండె ఏ దిక్కుకి పెట్టాలో తేల్చుకుని ఉంటారు. వాళ్లు వేరే ఊళ్లో, వేరే భాషలో అరుచుకుని ఉంటారు, అంతే. నేను తిరిగి పట్టుకున్నది కారునొక్కదాన్నే కాదు, ఆ అరుపుల్ని కూడా. మార్కుల సంగతి విన్నాక మిగతా వైర్లు అల్లడానికి శంకరమ్మ ఒప్పుకుంది, ఇది రాస్తున్న వేళకి ఆమె నుంచి రెండో చుట్ట బస్సులో వచ్చింది. విప్పి చూస్తే డిమ్ము వైరు వరస తప్పకుండా ఉంది. దాని పక్కన, నేను అడగకుండానే, జరీ పోగుతో అల్లిన జానెడు వైరు ఒకటి. దాన్ని పోటీ బండిలో పెట్టను. కానీ పారెయ్యను.

మీరూ పాత బండి పట్టుకుని ఇలాంటి పని మీద బయల్దేరితే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: రంగుని ఫోన్‌లో ఫోటో తీసి పట్టుకెళ్లొద్దు, ఫోటో అబద్ధం చెబుతుంది. క్లిప్పు కిందో, సీటు మడతలోనో ఎండ చూడని ముక్క ఒకటి ఉంటుంది, దాన్ని కత్తిరించి జేబులో వేసుకెళ్లండి.