తొలి కాన్పు పుట్టింట్లోనే

తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు పాఠం చెప్పేటప్పుడు 'డెలివర్' అనే మాట వస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఉత్తరం చేర్చడం డెలివరీ, గ్యాస్ బండ దించడం డెలివరీ, ఉపన్యాసం ఇవ్వడం డెలివరీ, బౌలర్ విసిరే బంతీ డెలివరీయే. కీడు నుంచి తప్పించమని రోజూ చేసే ప్రార్థనలోనూ ఇంగ్లీషువాళ్లు ఆ మాటే పెట్టుకున్నారు. మనకు కాన్పు వేరు, అప్పగింత వేరు. మా వదిన విషయంలో మా అమ్మ ఆ రెండిటినీ కలిపేసింది.

అప్పట్లో మేం పాల్వంచలో కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లం. అన్నయ్యది కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. మా వంటింటి కిటికీలోంచి చూస్తే కంపెనీ దవాఖానా గేటు కనిపించేది. అయినా తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని అమ్మ పట్టు. వదిన పుట్టిల్లు ఎర్రుపాలెం దగ్గర. ఏడో నెలలో పంపుదామంటే క్రిస్మస్ పిండివంటలకు మనిషి కావాలని ఆపింది. ఎనిమిదో నెలలో పంపకూడదట. శకునాలు చూసేవాళ్లను అజ్ఞానులని జాలిపడుతూ, చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి మా అమ్మ! తొమ్మిది వచ్చేసరికి వదిన కాళ్లు ఉబ్బిపోయాయి.

"ఈడనే చూపిద్దాం అమ్మా, దవాఖానా ఎదురుంగనే ఉన్నది గద" అన్నాను.

"నీకేం ఎరుకనే? తొల్సూరు ఈడ చేస్తే పుట్టింటోళ్లకు గతి లేదా అంటరు. ఆళ్ల పరువు పోతది."

పరాయివాళ్ల పరువు మీద మా అమ్మకు అంత ప్రేమ నేనెప్పుడూ చూడలేదు. వదిన నడుం పట్టుకుని, "అవ్ అత్తమ్మా, పోతా" అంది. అన్నయ్య క్యారేజీ పట్టుకుని డ్యూటీకి పోయాడు. పోవడం ఒక్కటి ఆయనకు బాగా వచ్చు.

అమ్మా నేనూ వదినను వెంటబెట్టుకుని బయల్దేరాం. ఖమ్మం బస్టాండులోనే వదిన నొప్పి అంది. పెద్ద దవాఖానాకు పోదామని నేను ఆటో పిలిచాను.

"ఇంకొక్క బస్సెక్కితే వాళ్లమ్మ దగ్గరుంటది" అని అమ్మ ఆటోను పంపేసింది.

మధిర ఇంకా రాకముందే నొప్పులు ముదిరాయి. కండక్టర్ బస్సు ఆపించి మగవాళ్లందరినీ దించేశాడు. ఒక ముసలామె తన చీర కొంగు అడ్డం పట్టింది. మగపిల్లాడు పుట్టాడు. పేగు మెడకు చుట్టుకుని నీలంగా ఉన్నాడు. వీపు చరిచాను, నోట్లో ఊదాను, తిట్టాను కూడా. ఏడవలేదు.

డ్రైవరు బస్సును నేరుగా మధిర దవాఖానాకు తోలాడు. కబురందుకుని వదిన వాళ్లమ్మ పరుగెత్తుకొచ్చింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "మీ పిల్లను పానంతోటి మీకు అప్పజెప్పిన. దేవుడే తప్పించిండు" అంది. ఆ తల్లి కూతురి పక్కన కూర్చుని తల నిమురుతూ ఉండిపోయింది. అమ్మను ఆరోజు కొట్టాలనిపించింది.

మూడో నెలలో అన్నయ్య వెళ్లి వదినను తీసుకొచ్చాడు. అమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చి సంచి అందుకుంది. వదిన బుగ్గలు నిమిరి, ఎంతో ఆప్యాయంగా అంది:

"ఫికర్ చెయ్యకు బిడ్డా. తొల్సూరు మీ అమ్మగారి దిక్కే అయిపాయె గద. ఇగ మలి కాన్పు మన దవాఖానాల్నే చేపిద్దాం."