అత్తమ్మ తుడవని మూలలు

మా అత్తమ్మ ఇల్లు శుభ్రం చేసే తీరే వేరు. గది నడుమ ఎవరైనా ఊడుస్తారని, మూలలు ఊడ్చినవాళ్లే ఇల్లు ఊడ్చినట్టని అనేది. తలుపు రెక్క పైఅంచు మీద, కిటికీ చువ్వల వెనుకవైపు, కరెంటు బోర్డు మీద, నీళ్ల గోలెం చుట్టూ, రుబ్బురోలు కింద, సజ్జ మీది ఇత్తడి బిందెల మధ్య ఎక్కడా దుమ్ము ఉండనిచ్చేది కాదు. గిన్నెలు తోముకునే జాలారు దగ్గర, నీళ్లు బయటికి పోయే తూము నోట్లో చెయ్యి పెట్టి పాచి తీసేది. అది చూసి మొదట్లో నాకు ఒళ్లు జలదరించేది. ఆమె మాత్రం అదేమీ పట్టించుకోకుండా చెయ్యి కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, తర్వాతి పనిలో పడేది.

అరవైల చివరి రోజులు. తార్నాకలో యూనివర్సిటీ ఉద్యోగుల కోసం కట్టిన రెండు గదుల క్వార్టర్‌లో ఉండేవాళ్లం. నా భర్త యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. మామయ్య నా పెళ్లికి ముందే పోయారు. భువనగిరి దగ్గరి పల్లెలో ఉన్న పొలం కౌలుకిచ్చి అత్తమ్మ కొడుకు దగ్గరికి వచ్చేసింది. అప్పటికి ఆమెకు యాభై ఏళ్లు ఉంటాయేమో. గట్టి మనిషి. అక్షరం రాదు.

నేను పెళ్లికి ముందే బి.ఏ. పూర్తి చేశాను. పొద్దున్నే పుస్తకాలు గుండెకు హత్తుకుని ఆర్ట్స్ కాలేజీ వైపు నడిచే అమ్మాయిలను వరండాలో నిలబడి చూసేదాన్ని. ఆ సంగతి ఆమె ఎప్పుడు కనిపెట్టిందో తెలియదు. ఒకరోజు కొడుకు అన్నం తింటుంటే, "పిల్లను పై సదువు సదువనియ్యరాదు? ఇల్లు నేను చూసుకుంట" అన్నది. ఆయన కాసేపు ఆలోచించి, ఇంటికి ఇబ్బంది కానంతవరకు తనకు అభ్యంతరం లేదన్నారు. అలా ఎం.ఏ.లో చేరాను. పొద్దున వంటలో సాయం చేసి వెళితే సాయంత్రం దాకా ఇల్లంతా ఆమె మీదే.

రెండో ఏడు మొదలైన కొన్నాళ్లకు ఇంట్లో తేడా కనిపించింది. ఒక ఆదివారం తలుపు వెనుక పెట్టిన గొడుగు కోసం వంగితే అక్కడ దుమ్ము ఉండలు కట్టి ఉంది. సజ్జ కింద బూజు వేలాడుతోంది. జాలారు ఒక పక్క తెల్లగా మెరుస్తుంటే రెండో పక్క పచ్చగా పాచి పట్టింది. గది నడుమ మాత్రం ఎప్పటిలాగే అద్దంలా ఉంది. ఆమె అలసిపోతోందనుకున్నాను. ఏమీ అనకుండా, ఆమె స్నానానికి వెళ్లినప్పుడు తలుపు వెనుక ఊడ్చి, జాలారు రుద్దాను.

ఆమెకు తెలిసిపోయింది. తడి చీపురు పట్టుకుని చూసి, "నా పని నీకు నచ్చుతలేదా బిడ్డా?" అని అడిగింది. అదేం లేదన్నాను. మరునాడు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి నేల మీద మోకాళ్లూని గోడ పొడుగునా తడిగుడ్డతో తుడుస్తోంది. ఆమె చూపు చేతి మీద లేదు, ఎదురుగా గోడ మీద ఉంది. చెయ్యి మాత్రం గోడను తడుముతూ ముందుకు పోతోంది. మోకాలి పక్కనే ఒక చాటెడు చెత్త అలాగే ఉండిపోయింది. కొంచెం జరిగితే కాలితో తొక్కుతుంది. అయినా ఆమె చూడలేదు.

ఆ తర్వాత నేను ఒక్కొక్కటే గమనించసాగాను. పక్క నుంచి చాయ్ అందిస్తే అందుకునేది కాదు, ఎదురుగా వెళ్లి ఇస్తే తీసుకునేది. ఎక్కడి బకెట్ అక్కడే ఉన్నా కాలికి తగిలేది. భుజం తలుపుకు కొట్టుకుని నల్లగా కమిలితే, నల్లా దగ్గర జారానని చెప్పింది. ఆయనతో అంటే, వయసు మీద పడుతోంది కదా అన్నారు. యాభై ఏళ్లకు అంత వయసేమిటని నాకు అనిపించింది కానీ, ఏమి అడగాలో, ఎలా అడగాలో తెలియలేదు.

బతుకమ్మ పండుగ వచ్చింది. క్వార్టర్ల ముందు ఖాళీ జాగాలో ఆడవాళ్లందరం చేరాం. తంగేడు, గునుగు పూలతో అత్తమ్మ పేర్చిన బతుకమ్మ అందరికంటే ఎత్తుగా ఉంది. పూలు కళ్ల ముందు పెట్టుకుని పేర్చే పని కాబట్టి దానిలో ఏ లోపమూ రాలేదు. దాన్ని రెండు చేతులా మోసుకొచ్చి, అందరూ పెట్టిన చోట తానూ పెట్టబోయింది. పక్కింటి కొత్త పెళ్లికూతురి బతుకమ్మ అక్కడే ఉంది. అత్తమ్మ తన పళ్లెం సరిగ్గా దాని మీద దించింది. పూలు నలిగి, రెండూ ఒరిగి కింద పడ్డాయి.

ఎవరూ పెద్దగా ఏమీ అనలేదు. ఒకావిడ మాత్రం, చూసుకోవద్దా పెద్దమ్మా అన్నది. పెళ్లికూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్తమ్మ కింద కూర్చుని చేతులతో తడుముతూ పూలు ఏరడం మొదలుపెట్టింది. ఎదురుగా ఉన్నవి తీసింది, పక్కన చెల్లాచెదురైనవి అలాగే ఉన్నాయి. అవి నేను ఏరాను. ఆ సాయంత్రం ఆమె ఆడలేదు, పాడలేదు. గోడ పక్కన కూర్చుని, అందరూ కదిలాక నా చెయ్యి పట్టుకుని ఇంటికి వచ్చింది. అంతకు ముందెన్నడూ ఆమె నా చెయ్యి పట్టుకోలేదు.

మరునాడు ఆయన ఆఫీసుకు పోయాక వరండాలో ఆమె పక్కన కూర్చున్నాను.

"అత్తమ్మా, మీకు కనవడ్తలేదు కదా?" అని అడిగాను.

ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉంది. చివరికి చేతిలోది పళ్లెంలో వేసింది.

"నడుమ కనవడ్తది బిడ్డా. నీ మొకం కనవడ్తది. పక్కలపొంటి అంత చీకటే. సొరంగంల నుంచి చూసినట్టు."

"ఎప్పటి సంది?"

"నిరుడు సంది. ముందు గింత లేకుండె."

ఎందుకు చెప్పలేదని అడిగితే తల వంచుకుంది. "చెప్తె వాడు ఏమంటడు? ఇల్లు ఎవరు చూస్తరంటడు. నీ సదువు మాన్పిస్తడు. ఇంక కొన్ని నెలలే గద, ఎట్లనో అట్ల ఎల్లదీద్దామనుకున్న" అన్నది.

నేను తరగతిలో కూర్చుని నోట్సు రాసుకుంటున్నంతసేపూ ఈమె ఈ ఇంట్లో తడుముకుంటూ తిరిగిందన్నమాట. మూలలు మిగిలిపోయింది చెయ్యి పోక కాదు, అవి ఉన్నట్టే ఆమెకు కనిపించక. ఆమె చెయ్యి తీసుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను.

సాయంత్రం ఆయనకు చెప్పాను. చదువు సంగతి కూడా దాచలేదు. ఆయన చొక్కా విప్పబోతున్నవారు అలాగే ఆగిపోయారు. తల్లి దగ్గరికి వెళ్లి, ఆమె మొహం పక్కగా చెయ్యి ఆడించారు. ఆమె కదలలేదు. ఆయన చెయ్యి దించేసి బయటికి వెళ్లిపోయారు.

మరునాడు ముగ్గురం బస్సెక్కి కంటి ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరు పెద్దమనిషి, నెమ్మదిగా మాట్లాడాడు. తన ముక్కు వైపే చూడమని చెప్పి, వేలిని పక్క నుంచి కొద్దికొద్దిగా ముందుకు తెచ్చాడు. కనబడగానే చెప్పమన్నాడు. వేలు దాదాపు డాక్టరు ముక్కు దాకా వచ్చాక గానీ ఆమె చెప్పలేదు. కంటిలోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిన్నదని, పోయిన చూపు ఇక రాదని, మిగిలింది నిలబెట్టుకోవడానికి చుక్కల మందు రోజూ తప్పకుండా వేయాలని చెప్పాడు. ముందే వచ్చి ఉంటే ఇంకొంత మిగిలేదన్నాడు. డాక్టరు మాటలో నింద లేదు. అయినా మా ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. అత్తమ్మ మాత్రం చుక్కలు ఎవరు వేయాలి, తానే వేసుకోవచ్చా అని అడిగింది.

ఇంటికి వచ్చాక, ఇంక కాలేజీకి పోనని నేనే అన్నాను. అత్తమ్మ నాతో కోపంగా మాట్లాడింది ఆ ఒక్కసారే.

"గట్లయితె నేను ఏడాది సంది ఎందుకు దాసిన? నా కండ్లు ఉత్తగనే పోయినయా?"

అప్పుడు ఆయన, "మానొద్దు. నేను చేస్త" అన్నారు, నా వైపు చూడకుండా.

నిజంగానే చేశారు. అంతవరకు తాగిన గ్లాసు కూడా తీయని మనిషి ఆదివారం పొద్దున లుంగీ ఎగ్గట్టి బూజు కర్ర పట్టేవారు. అత్తమ్మ పీట మీద కూర్చుని అడిగేది, తలుపు పైఅంచు అయిందా, చువ్వల వెనుక అయిందా, రోలు జరిపినవా అని. ఆయన అయిందంటే నమ్మేది కాదు. లేచి వచ్చి వేళ్లతో తడిమి చూసేది. తూము దగ్గర మాత్రం ఎవరినీ చెయ్యి పెట్టనిచ్చేది కాదు. దానికి కండ్లతో పనిలేదనేది. ఎదురు క్వార్టర్‌లో గుంటూరు నుంచి వచ్చిన టీచరుగారు, మగవాళ్లు బూజు దులపడం ఇదే చూడటం అని ఒకసారి నవ్వింది. ఆయన నవ్వలేదు. తల్లి పీట దగ్గరికి వెళ్లి, ఇంకేం మిగిలిందని అడిగారు.

నా పరీక్షలు అయ్యాయి. తర్వాత నల్లకుంటలో ఒక బడిలో టీచరుగా చేరాను. పొద్దున చుక్కలు నేను వేసేదాన్ని, రాత్రి ఆయన. మందు మంటకు ఆమె పళ్లు బిగబట్టేది కానీ తల కదిలించేది కాదు. చూపు కొన్నేళ్లు అలాగే నిలిచింది. తర్వాత నెమ్మదిగా అదీ పోయింది.

ఆ తర్వాత మేము రామంతాపూర్‌లో ఒక ఇంటికి మారాం. సామాను ఇంకా బండి మీదే ఉంది. అత్తమ్మ గోడ పట్టుకుని ఒక్కొక్క గదీ తిరిగింది. గడపలు కాలితో, తలుపులు చేతితో చూసుకుంది. వెనుక గదిలో ఒకచోట ఆగి మొహం పైకెత్తింది.

"ఈడ కిటికీ ఉన్నది గద?"

ఉన్నదని చెప్పాను. గాలి ఆమె చెంపల మీది వెంట్రుకలను కదిలిస్తోంది.

"నా మంచం ఈడ వెయ్యుర్రి" అన్నది.