ప్రార్థనల పెట్టెలో పడ్డ నా కోరికల చిట్టా

ఒంటి నిండా బట్టలుండగానే రెండువందల మంది ముందు దిసమొలతో నిలబడ్డవాణ్ణి నేను. అదీ ఆదివారం పూట, చర్చిలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని. ఎలాగో చెబుతాను. మీరు మొహమాటపడకుండా నవ్వుకోండి. మా సంఘం మొత్తం ఎప్పుడో నవ్వేసింది.

అప్పుడు నాకు పాతికేళ్లు. పరవాడలో ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం. మాత్ర నీళ్లలో ఎన్ని నిమిషాలకు కరుగుతుందో చూసి రాయడం నా పని. మాత్రలు కరిగిపోతున్నాయి, నా వయసూ కరిగిపోతోంది. అలాంటి సమయంలో కంపెనీ వాళ్లు పిలిచి గుజరాత్‌లో పెద్ద పోస్టు ఇస్తామన్నారు. మూడేళ్లు కదలకూడదని ఒప్పంద పత్రం, వారం గడువు, పై సోమవారం నాటికి సంతకం. వెళ్లాలా వద్దా? నన్నడిగితే నాకేం తెలుసు! హోటల్లో ఇడ్లీయా దోసెయా అంటే పక్క టేబుల్ వైపు చూసే రకాన్ని.

మా అక్క మొగుడు రాజు బావ అప్పుడే ఏదో వ్యక్తిత్వ వికాసం క్లాసుకు వెళ్లొచ్చి మంచి వేడి మీద ఉన్నాడు.

"బామ్మర్దీ, నీకేటి కావాలో నీకే తెల్దు. అదీ నీ జబ్బు. ఒక కాగితం తీసి 'నాకేటి కావాలి' అని పైన రాయ్. రోజూ పొద్దున్నే దాని మీదే సిగ్గుపడకుండా తోసింది రాసుకుపో. ఆరో రోజుకి అసలుది బయటికొచ్చేత్తాది."

"రాపోతే?"

"ఏడో రోజు కూడా రాయ్. అంత కంగారేటి?"

ఆ వారం సోమవారం నుంచే మొదలుపెట్టాను. తొలిరోజు సముద్రం కనపడే ఇల్లు కావాలని రాశాను. విశాఖలో ఈ కోరిక లేనివాడు ఎవడు లెండి. రెండో రోజు, బావ తీసుకెళ్లిన నా హెల్మెట్ తిరిగి రావాలని. మూడో రోజు అమ్మ చేపల పులుసు మీద, నాలుగో రోజు పాస్టరు గారి మీద. ఐదో రోజు ఏమీ తోచలేదు. చూస్తే నా మనసులో ఉన్నవన్నీ ఫిర్యాదులేగానీ కోరికలు కావనిపించింది. శనివారం కూడా పెన్ను పట్టుకుని కూర్చుని లేచాను.

ఆదివారం పొద్దున కాగితం ముందు కూర్చుంటే మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన ఫిషింగ్ హార్బర్‌లో చిన్న షెడ్డు వేసుకుని బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. నడుస్తున్న ఇంజన్‌కి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటాడు. చుట్టూ ఎంత గోలున్నా ఆయన మొహం ప్రార్థనలో ఉన్నట్టుంటుంది. తర్వాత కళ్లు తెరిచి "మూడోది కొట్టుకుంటంది" అంటాడు. విప్పితే చెడింది మూడో సిలిండరే. చిన్నప్పుడు అది చూసి నోరు తెరుచుకుని నిలబడిపోయేవాణ్ణి. కాగితం మీద నా చెయ్యి దానంతటదే కదిలింది. 'గుజరాత్ వద్దు. నాన్న షెడ్డులో, నాన్నతో ఉండాలి. ఈ మాట నాన్నకు చెప్పే ధైర్యం లేదు.'

రాసింది మళ్లీ చదువుకున్నాను. ఇన్నేళ్లూ నాలోనే ఉండి నాకే కనపడనిది నాలుగు వరసల కింద దొరికింది! కానీ దొరికి ఏం లాభం? "నా సేతికంటిన గ్రీజు నా కొడుక్కి అంటకూడదు" అని మా నాన్న హార్బర్ మొత్తానికి చెప్పుకుని నన్ను చదివించాడు. ఆయన ముందు ఈ మాట అనలేను. రేపు నోరు మూసుకుని సంతకం పెట్టేద్దామనుకుని కాగితం నాలుగు మడతలు పెట్టి బైబిల్లో దాచాను.

అదే బైబిల్లో, అదే నోటుబుక్కులోంచి చింపి, అలాగే నాలుగు మడతలు పెట్టిన ఇంకో కాగితం ఉంది. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గాలని ప్రార్థన మనవి. మా చర్చి గుమ్మం దగ్గర ఒక పెట్టె ఉంటుంది. ఎవరి కష్టం వాళ్లు రాసి, పేరు పెట్టకుండా అందులో వేస్తారు. సంఘ పెద్ద సత్యానందం గారు వాటిని మైకులో చదువుతారు. ప్రతి మనవికీ అందరూ "ఆమెన్" అంటారు. చీటీ విప్పాక మధ్యలో ఆపితే దేవుడికి కోపమొస్తుందని సత్యానందం గారి నమ్మకం. ఆ పూట నేనూ బైబిల్లోంచి కాగితం తీసి, విప్పి చూడకుండానే పెట్టెలో వేశాను.

తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందంటారు. నేనొకటి తలిచాను, సత్యానందం గారొకటి చదివారు.

"'సముద్రం కనపడే ఇల్లు కావాలి.'"

"ఆమెన్!"

నేను కూడా అన్నాను. ఎవరో మనలాంటివాడే అనుకున్నాను.

"'రాజు బావ నా హెల్మెట్ ఇచ్చెయ్యాలి.'"

"ఆమెన్!" అందులో బావ గొంతే పెద్దది. ఆ తర్వాత వెలిగింది ఆయనకి. నేను బైబిల్ తెరిచి చూస్తే అమ్మ మోకాళ్లు అక్కడే భద్రంగా ఉన్నాయి.

"'అమ్మ చేపల పులుసులో చింతపండు తగ్గించాలి.'"

"ఆమెన్!" ఆడవాళ్ల వైపు నుంచి అమ్మ మెడ మెల్లగా నా వైపు తిరిగింది.

"'పాస్టరు గారి ప్రసంగం ముప్పావుగంటకి అయిపోవాలి.'"

ఈసారి వచ్చిన ఆమెన్‌కి కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. పాస్టరు గారు గడియారం చూసుకుని, పాపం, తనూ మెల్లగా ఆమెన్ అన్నారు.

తర్వాతది చదవబోతూ సత్యానందం గారు కళ్లజోడు సవరించుకున్నారు. నేను చేతులు జోడించి వద్దని సైగ చేశాను. భక్తి ఎక్కువైందనుకున్నట్టున్నారు, ఇంకా గట్టిగా చదివారు. గుజరాత్ వద్దు. నాన్న షెడ్డు. చెప్పే ధైర్యం లేదు.

అప్పటికి ఆ కాగితం ఎవరిదో పసిపిల్లలకి కూడా తెలిసిపోయింది. ఎవరూ ఆమెన్ అనలేదు. అందరూ వెనక్కి తిరిగి ఆఖరి వరసలో ఉన్న మా నాన్నను చూశారు. ఆయన ఎప్పుడూ అక్కడే కూర్చుంటాడు. నాకు ఊహ తెలిశాక చర్చిలో ఆయన నోరు విప్పగా వినలేదు. నేను తలెత్తలేకపోయాను.

"ఆమెన్."

ఆ గొంతు నాన్నది. మధ్యలో కాస్త పగిలింది. వెంటనే రెండువందల గొంతులూ కలిశాయి. నేను నాకే చెప్పుకోలేనిదాన్ని ఇంతమంది నా కోసం అడుగుతున్నారు. ఆ శబ్దం నన్ను పైనుంచి కప్పేసింది. ఇన్నాళ్లు చర్చికి వచ్చినా భయభక్తులంటే ఏమిటో ఆ పూటే తెలిసింది నాకు. ఏడ్చేశాను, దాచుకోవడమెందుకు.

బయటికి రాగానే అమ్మ పట్టుకుంది. "పులుసు పులుపని దేవుడికి సెప్తావేటి? నాకు సెప్పడానికి నోరు నేదా?"

నాన్న మాత్రం చెప్పులేసుకుంటూ ఒక్క ముక్క అన్నాడు. "రేపు పొద్దున్నే ఐదింటికి షెడ్డుకి రా."

సోమవారం సంతకం పెట్టలేదు, ల్యాబుకీ వెళ్లలేదు. ఐదింటికల్లా షెడ్డులో ఉన్నాను. స్క్రూడ్రైవర్ అందుకుని ఇంజన్ దగ్గరికి వెళ్లాను. నాన్న దాన్ని నా చేతిలోంచి తీసుకుని తుడుపుగుడ్డ పెట్టాడు.

"ఇదేటి నాన్నా? ఇంజన్ పని నేర్పవా?"

"నువ్వేటి రాసేవు? షెడ్డులో ఉండాలని రాసేవు. పని నేర్చుకోవాలని రాసేవా?"

"నేదు గానీ..."

"రెండొందల మంది ఆమెన్ అన్నారు. మార్చడానికి నానెవుణ్ణి? ఉండు. ఖాళీగా ఉండకుండా ఆ నేల తుడు."

ఎనిమిది నెలలు తుడిచాను.

కనుక ఆ దేవుడి సాక్షిగా, సంఘం సాక్షిగా, ఎనిమిది నెలల ఆయిలు మరకల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో కోరికల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టను, బైబిల్లో దాచను. రాయక తప్పని రోజు వస్తే, ఏ పని కావాలో, ఏ తారీకు నుంచి కావాలో, తుడుపుగుడ్డ ఎవరు పట్టాలో అన్నీ విడమరిచి రాసి, తిన్నగా మా నాన్న చేతికే ఇస్తాను.