గబ్బిలంతో క్రికెట్, ఇంగ్లీషులో చెడుగుడు

ఆ రోజుల్లో మా ఓరుగల్లులో ఇంగ్లీషంటే గుడిలోని ఉత్సవ విగ్రహం లాంటిది. వారానికి కొన్ని పూటలు పుస్తకంలోంచి బయటికి తీసి, దుమ్ము దులిపి, అందరం గొంతు కలిపి ఓ పారాయణం చేసి, మళ్లీ భద్రంగా లోపల పెట్టేసేవాళ్లం. దానితో మాట్లాడాలని గానీ, అది మనతో మాట్లాడుతుందని గానీ ఎవరికీ తోచలేదు. ఇంట్లో తెలుగు, బడిలో లెక్కలైనా చరిత్రైనా ఉర్దూ (నిజాం జమానా కదా), ఆడుకునేచోట ఆ రెండూ కలగలిపిన తిట్లు. ఇక ఇంగ్లీషుకు మిగిలిన జాగా ఎక్కడ? అయినా మేం ఇంగ్లీషు వచ్చినవాళ్లమనే కాలర్ ఎగరేసి తిరిగేవాళ్లం (కాలర్ ఉన్న అంగీ క్లాసులో ముగ్గురికో నలుగురికో ఉండేది, అది వేరే సంగతి). క్రియాపదాల మూడు రూపాలూ నిద్రలో లేపి అడిగినా ఒప్పజెప్పేవాళ్లం. ఎవరైనా ఇంగ్లీషులో 'నీ పేరేమిటి?' అంటే మాత్రం పక్కవాడి మొహం చూసేవాళ్లం.

మాది కాశిబుగ్గ. నాయిన మగ్గం నేసేవాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు, నూలు దొరకడమే గగనంగా ఉండేది. "పాసైనన్నొద్దులు చదువుకో బిడ్డా. తప్పినవా, మగ్గం గుంతల నీకు జాగ తయారుగున్నది" అని మా నాయిన చల్లగా చెప్పేవాడు. కోపంగా చెబితే కొంచెం ధైర్యంగా ఉండేది. మాకు ఇంగ్లీషు చెప్పేది మద్రాసు వైపు నుంచి వచ్చిన ఒక సన్నటి, పొడుగాటి మాస్టారు. ఎండలోనూ నీడలోనూ గొడుగు వదలడు. వ్యాకరణం తప్పితే ఆయనకు కడుపునొప్పి వచ్చేది. అందుకే మేం గ్రామర్ సారు అని పిలుచుకునేవాళ్లం. ఆయన భార్య మేం ఇంటికి వెళితే చేతినిండా మురుకులు పెట్టేది. ఆమె అప్పుడు నిండు నెలల మనిషి.

ఇలా ఉండగా ఒకరోజు బడి జవాను పిడుగులాంటి కబురు తెచ్చాడు. మొహతమీం సాబు (అంటే బడులు తనిఖీ చేసే పెద్ద అధికారి) వచ్చే వారం వస్తున్నాడు. "పోయినేడు మీరు చిల్కలోలె వొప్పజెప్పిన్రని సాబుకు మస్తు కోపమొచ్చిందట. ఈసారి గట్లనే చేస్తే మీ సారుకు ఆదిలాబాద్ జంగల్‌కు బదిలీ ఖాయం" అన్నాడు జవాను, బదిలీ తనకే అయినంత దిగులుగా. పరీక్ష పద్ధతి కూడా కొత్తదే. రాసేది లేదు. ఒక్కొక్కడూ నిలబడి తనకిష్టమైన ఆట గురించో, హాబీ గురించో ఇంగ్లీషులో మాట్లాడాలి.

ఆట సరే. హాబీ అంటే ఏమిటి? ఆ మాట మాలో ఒక్కడూ విన్నది కాదు. "తీరిక వేళల్లో సంతోషం కోసం చేసుకునే పనిరా" అన్నాడు గ్రామర్ సారు. ఇంటికెళ్లి అదే మాట చెబితే మా నాయినమ్మ రాట్నం ఆపి, "పని లేనోడు చేసే పనా? గట్లైతె మీ చిన్నాయినకు పొద్దందాక హాబీయే" అంది. (మా చిన్నాయన అప్పుడు పక్కనే పడుకుని ఉన్నాడు. లేవలేదు.)

మా అవస్థ చూసి గ్రామర్ సారు తన దగ్గరున్న పాత సీమ పుస్తకంలోంచి (దొరల దేశంలో అచ్చయింది) ఆటలూ హాబీలూ తీసి మాకు పంచిపెట్టాడు. ఆయన తొందరలో ఎవరికి ఏది అంటగడుతున్నాడో చూసుకోలేదు. పుట్టి బుద్ధెరిగి ఇంటికి ఉత్తరం రానివాడికి తపాలా బిళ్లలు సేకరించడం వచ్చింది. ఎప్పుడూ వాదిస్తూ ఉంటాడని మేం లాయర్ అని పిలిచేవాడికి నోరు మూసుకుని పక్షులను గమనించడం వచ్చింది. అన్నిటికన్నా ఘోరం మా బెల్లంగాడిది. వాళ్లది బెల్లం దుకాణం, పరమ నిష్ఠగల కోమట్ల ఇల్లు. వాడికి చేపలు పట్టడం వచ్చింది! వాడు ఇంట్లో 'ఫిష్, ఫిష్' అని బట్టీ పడుతుంటే సంగతేమిటని అడిగి తెలుసుకున్న వాళ్ల నాయినమ్మ, చదివిన ప్రతిసారీ తానం చేస్తే గానీ వంటింటి గడప తొక్కనివ్వనంది. ఆ వారం అంత శుభ్రంగా ఉన్న బెల్లంగాణ్ణి మేం ముందెన్నడూ చూడలేదు.

నాకు క్రికెట్ వచ్చింది. చూసింది లేదు, ఆడింది లేదు. "క్రికెట్ ఈజ్ ఎ నోబుల్ గేమ్" అని మొదలయ్యే ఓ పేజీ బట్టీ పట్టాను. అందులో బ్యాట్ అనే మాట పదేపదే వస్తోంది. అర్థం అడిగితే సారు నవ్వుతాడేమోనని, బడిలో ఉన్న ఇంగ్లీషు-ఉర్దూ నిఘంటువు తీసి చూశాను. 'చమ్‌గాదడ్' అని ఉంది. అంటే గబ్బిలం. కింద ఇంకో అర్థం ఉందేమో చూడాలనే జ్ఞానం నాకు లేదు. తెల్లబట్టలు వేసుకున్న పెద్దమనుషులు గబ్బిలాన్ని పట్టుకుని బంతిని కొడతారన్నమాట! సీమదొరలు, వాళ్లు ఏమైనా చేయగలరు అనుకుని గౌరవంగా తల ఊపుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. మొహతమీం సాబు ఆరడుగుల మనిషి. షేర్వానీ, ఎర్రటి రూమీ టోపీ, దానికి నల్ల కుచ్చు. కుర్చీలో కూర్చుంటే కుర్చీ మూలిగింది. మొదట బెల్లంగాణ్ణి లేపారు. వాడు కళ్లు మూసుకుని చేపల దండకం అంతా ఏకబిగిన చదివేశాడు. సాబు ఇంగ్లీషులో, "నువ్వు ఎలాంటి చేపలు పడతావు?" అని అడిగాడు. ఈ ప్రశ్న పేజీలో లేదు. వాడికి వాళ్ల నాయినమ్మ కళ్లముందు కనబడింది కాబోలు, "ఓన్లీ వెజిటబుల్ ఫిష్, సర్!" అన్నాడు.

సాబు మొహం ఎర్రబడింది. తర్వాత నేను. నా నోబుల్ గేమ్ సగంలో ఉండగానే ఆయన చెయ్యెత్తి ఆపి, "వాట్ ఈజ్ ఎ బ్యాట్?" అన్నాడు. నాకు కచ్చితంగా తెలిసిన మాట అదొక్కటే! "బ్యాట్ ఈజ్ ఎ బర్డ్, సర్. ఇట్ హ్యాంగ్స్ ఇన్ ద ట్రీ. హెడ్ డౌన్" అన్నాను హుషారుగా.

దాంతో బంతిని కొడతారా అన్నాడు. కొడతారన్నాను. కొడితే అది ఏడవదా అన్నాడు. నేను కాసేపు ఆలోచించి, "ఇట్ ఈజ్ ఎ నోబుల్ గేమ్, సర్. ఇట్ డస్ నాట్ క్రై" అన్నాను.

సాబు రుమాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన భుజాలు అదురుతున్నాయి. కోపంతోనే అనుకున్నాం. గ్రామర్ సారైతే గోడకు ఆనుకుని, అప్పుడే ఆదిలాబాదు బండి ఎక్కేసినవాడిలా ఉన్నాడు. కొంతసేపటికి సాబు రుమాలు తీసి, ఉర్దూలో, "ఇవన్నీ వదిలేయండి. మీరు నిజంగా ఆడే ఆట ఏది?" అని అడిగాడు. ఒకర్నొకరం మోచేతులతో పొడుచుకున్నాం. చివరికి లాయర్‌గాడు లేచి, "చెడుగుడు, సాబ్" అన్నాడు.

"చలో, అయితే మైదానంలోకి!" అంటూ సాబు లేచాడు. షరతు ఒక్కటే. ఆటలో ఇంగ్లీషు తప్ప ఇంకో మాట వినిపించకూడదు. తెలుగు గానీ ఉర్దూ గానీ వచ్చిందా, వాడు అవుట్.

రెండు జట్లయ్యాం. గీత గీశాం. అంత నిశ్శబ్దంగా చెడుగుడు భూప్రపంచంలో ఎవరూ ఆడి ఉండరు. "ప్లీజ్ కమ్" అన్నాడు అవతలి జట్టువాడు, పెళ్లికి పిలిచినట్టు. మా బెల్లంగాడు "థాంక్యూ" అని గీత దాటి, అలవాటుగా "చెడుగుడు చెడుగుడు" అన్నాడో లేదో, సాబు చప్పట్లు కొట్టి, "అవుట్! చెడుగుడు ఈజ్ నాట్ ఇంగ్లీష్!" అన్నాడు. కూత కూడా ఇంగ్లీషులోనే పెట్టాలట! తర్వాత అవతలి జట్టునుంచి లాయర్‌గాడు వచ్చాడు. తెలివైనవాడు కదా, "ఏ బీ సీ డీ" అని కూత అందుకున్నాడు. చక్కగానే సాగింది. కానీ జెడ్ వచ్చాక ఏమనాలో తెలియక మా మధ్యలో గుడ్లప్పగించి నిలబడ్డాడు. అందరం మీదపడ్డాం. "నాట్ ఫినిష్డ్, సర్! స్టిల్ బ్రెత్ ఈజ్ దేర్, సర్!" అని కిందనుంచి వాదిస్తూనే ఉన్నాడు.

నా వంతు వచ్చింది. గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. ఏ కూత పెట్టాలో తెలియదు. కాలు గీత దాటగానే నోట్లోంచి దానంతటదే వచ్చేసింది: "గో వెంట్ గాన్ గో వెంట్ గాన్ గో వెంట్ గాన్..." ఆహా, దాని దరువే దరువు! ఆ మూడు మాటలూ చెడుగుడు కోసమే పుట్టాయా అనిపించింది. ఇద్దర్ని తాకాను. మూడోవాడు నా కాలు పట్టుకుని "క్యాచ్ కాట్ కాట్!" అని అరిచాడు. ఇంకొకడు నడుం పట్టి "హోల్డ్ హెల్డ్ హెల్డ్!" అన్నాడు. అంతే, ఎక్కడో కట్ట తెగింది. "పుల్ హిజ్ లెగ్!" "నాట్ దట్ లెగ్, అదర్ లెగ్!" "దిస్ ఈజ్ మై లెగ్, ఫూల్!" అని మైదానమంతా ఇంగ్లీషు పొంగిపొర్లింది. నేను గో వెంట్ గాన్ ఆపకుండా గీతవైపు డేకుతుంటే, వెనకనుంచి ఎవడో నా లాగు పట్టుకుని గుంజుతున్నాడు. ఇంతలో మైదానం అంచునుంచి ఒక కేక. గ్రామర్ సారు! గొడుగు ఎక్కడో పారేసి, పంచె ఎగ్గట్టి, గెంతుతూ, "రన్, ర్యాన్, రన్! రన్, ర్యాన్, రన్!" అంటున్నాడు. వేలు గీతకు తగిలింది. లాగు పర్రుమంది.

సాబు నేలమీద కూర్చుండిపోయాడు. పొట్ట పట్టుకుని, టోపీ ఊడిపోయి, కళ్లలోంచి నీళ్లు కారేటట్టు నవ్వుతున్నాడు. లేవడానికి జవాను, గ్రామర్ సారు చెరో చెయ్యీ పట్టాల్సి వచ్చింది. లేచి, సారు భుజం మీద చెయ్యి వేసి, "మాస్టర్ సాబ్, పిల్లలకు ఇంగ్లీషు బాగానే వచ్చు. డర్, ఈ భయమే అడ్డమొస్తోంది, అంతే. వారానికోసారి మైదానంలో చెప్పండి" అన్నాడు. బదిలీ ఊసు మళ్లీ ఎత్తలేదు. అందర్నీ పాస్ చేశాడు, వెజిటబుల్ ఫిష్‌తో సహా. ఆ నెలలోనే సారుకు ఆడపిల్ల పుట్టింది. ఓరుగల్లులోనే.

చిరిగిన లాగు చేత్తో పట్టుకుని ఇల్లు చేరాను. "పరీచ్చకు పోయినవా, కొట్లాటకు పోయినవా?" అంది నాయినమ్మ.

"పాసైన" అన్నాను.

"దేంట్ల?" అన్నాడు నాయిన మగ్గం ఆపి.

"చెడుగుడుల."

నాయిన నా చిరిగిన లాగువైపు చూసి, "అది నీకు ముందుగాలనే వచ్చు గద బిడ్డా, ఇన్నేండ్లు బడికెందుకు పోయినట్టు?" అన్నాడు.

తర్వాత నేను మా ఊళ్లోనే సుబేదారి పేటలో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరి, జీవితమంతా ఇంగ్లీషులోనే రాశాను. తప్పు లేకుండా, కామా పక్కకు జరగకుండా. పెద్ద అధికారుల ముందు మాట్లాడేటప్పుడు మాత్రం ప్రతి మాటనూ ముందు మనసులో ఒకసారి తూచుకునేవాణ్ణి. ఈలోగా వాళ్లు ఇంకో విషయంలోకి వెళ్లిపోయేవాళ్లు. ఇంత వయసొచ్చాక ఆలోచిస్తే, మొహమంతా మట్టి కొట్టుకుని, నేలమీద డేకుతున్న ఆ పిల్లగాడే గుర్తొస్తాడు. వాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త అసూయా కలుగుతుంది. నేను భయం లేకుండా ఇంగ్లీషు మాట్లాడింది ఆ ఒక్క పూటే.